నిగనిగలాడే చేతి వస్తువులకు ఇంటి దీపాలతో ఫోటో తీయడం ఎలా

నేను మొదట్లో తీసిన ఒక రెజిన్ లాకెట్ ఫోటో ఇప్పటికీ ఫోన్‌లో దాచుకున్నాను. నీలం రంగు, మధ్యలో ఎండబెట్టిన చిన్న పువ్వు, పైన గాజులాంటి పూత. ఫోటోలో పువ్వు సగమే కనబడుతుంది. మిగతా సగం మీద మా ట్యూబ్‌లైటు అడ్డంగా పడుకుని ఉంది. కాస్త పెద్దది చేసి చూస్తే ఫ్యాన్ రెక్కలు, ఫోన్ పట్టుకుని వంగిన నేను కూడా కనబడతాం. వెలుగు చాలలేదేమో అనుకుని ఇంకో దీపం తెచ్చి పెట్టాను. ఇంకో తెల్ల మచ్చ పడింది, అంతే.

నిగనిగలాడే వస్తువు సగం అద్దం లాంటిది. ఊలు అల్లిక, పచ్చిమట్టి బొమ్మ లాంటివి తమ మీద పడిన వెలుగును అన్ని వైపులకూ చిమ్ముతాయి. అందుకే దీపం కాస్త అటూ ఇటూ అయినా వాటికి పెద్ద తేడా తెలియదు. గ్లేజ్ వేసిన కప్పు, వార్నిష్ పూసిన చెక్కపెట్టె, రెజిన్ లాకెట్, గాజుపూస, లోహపు చెవిపోగు అలా కాదు. వెలుగు ఏ కోణంలో వచ్చి తగిలిందో అదే కోణంలో అవతలి వైపుకు వెళ్లిపోతుంది. సరిగ్గా ఆ దారిలో మీ కెమెరా ఉంటే దీపం బొమ్మ ఫోటోలో పడుతుంది. అద్దంలో ఏదో ఒకటి కనబడక తప్పదు కదా. ఆ కనబడేది ఏమిటో మీరే ఎంచి పెట్టడం మీదే ఈ పనంతా నడుస్తుంది.

కావలసినవి

టేబుల్ ల్యాంపులు ఒకటో రెండో, వాటిలో ఒకే రకం ఎల్ఈడీ బల్బులు. ట్రేసింగ్ పేపర్ లేదా పలుచటి తెల్ల నూలు గుడ్డ. తెల్ల చార్ట్ ఒకటి, నల్ల చార్ట్ ఒకటి. థర్మకోల్ ముక్కలు, బట్టల క్లిప్పులు, టేప్, ఒక అట్టపెట్టె. ఫోన్ కదలకుండా నిలబెట్టడానికి చిన్న ట్రైపాడ్ ఉంటే మంచిది, లేకపోతే పుస్తకాల దొంతర చాలు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ మాత్రం తప్పకుండా ఉండాలి.

బల్బు కొనేటప్పుడు డబ్బా మీద రెండు అంకెలు చూడండి. ఒకటి కెల్విన్లలో రాసే రంగు. 2700 అంటే పసుపు, 6500 అంటే నీలం వైపు తిరిగిన తెలుపు. 5000 దరిదాపుల్లో ఉన్నది ఈ పనికి హాయిగా ఉంటుంది. రెండోది సీఆర్ఐ. ఆ దీపం కింద రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే కొలత అది, గరిష్ఠం 100. మామూలు ఎల్ఈడీలు చాలావరకు 80 దగ్గర ఉంటాయి. 90 దాటినది దొరికితే అదే తీసుకోండి. తక్కువ సీఆర్ఐ దీపం కింద ముఖ్యంగా ఎరుపు చప్పబడిపోతుంది, తర్వాత ఎడిటింగ్‌లో ఎంత గింజుకున్నా అది సరిగ్గా తిరిగి రాదు. ఖర్చు పెట్టాలనుకుంటే ఇక్కడ పెట్టండి, కొత్త ఫోన్ మీద కాదు.

పాత ఫిలమెంట్ బల్బులు, హాలోజెన్‌లు వాడొద్దు. కాగితం, గుడ్డ దగ్గర పెట్టి చేసే పని ఇది. అవి బాగా వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

ముందు గదిని చీకటి చేయండి

కిటికీ తెరలు వేసి, పైనున్న ట్యూబ్‌లైటు ఆపేయండి. కిటికీ వెలుగు నీలంగా, బల్బు పసుపుగా కలిసి పడితే వస్తువు ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు. రెండింటినీ ఒకేసారి సరిచేసే సెట్టింగ్ ఏ ఫోన్‌లోనూ ఉండదు. కిటికీ వెలుగుతోనే తీయాలని ఉంటే దీపాలు మొత్తం ఆపేసి అలాగే తీయండి, అదీ మంచి పద్ధతే. కాకపోతే మబ్బు కదిలినప్పుడల్లా వెలుగు మారుతుంది, ఇరవై వస్తువులు ఒకేలా రావడం కష్టం.

గదిలో ముదురు రంగు గోడ గానీ, కర్టెన్ గానీ ఉంటే దాని ఛాయ కూడా వస్తువు మీదకు ఎక్కుతుంది. మీ బట్టల సంగతీ అంతే. ఎర్ర చొక్కా వేసుకుని వెండి రంగు ఉంగరాన్ని తీసి, ఉంగరం అంచున గులాబీ రంగు ఎక్కడి నుంచి వచ్చిందా అని నేను అరగంట తల పట్టుకున్నాను. నల్లనిదో బూడిద రంగుదో వేసుకోండి.

దుమ్ము, వేలిముద్రలు

కంటికి ఆనని దుమ్ము దగ్గరి ఫోటోలో ఇసుక చల్లినట్టు కనబడుతుంది. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, తర్వాత వస్తువును గుడ్డతోనే పట్టుకుని బల్ల మీద పెట్టండి. ఫోన్ లెన్స్ కూడా తుడవండి. లెన్స్ మీద వేలి జిడ్డు ఉంటే మెరుపు చుట్టూ పొగమంచులా వస్తుంది, మనం దాన్ని దీపం తప్పు అనుకుంటాం.

దీపాన్ని పెద్దది చేయండి

ఇదే అసలు పని, కాబట్టి తొందరపడకండి.

చిన్న బల్బు మెరిసే వస్తువులో చిన్న తెల్ల చుక్కలా కనబడుతుంది. ఆ చుక్కలో వివరాలన్నీ కాలిపోతాయి. అదే వెలుగు పెద్ద తెల్ల కాగితం మీద పరుచుకుని వస్తే, వస్తువులో కనబడేది ఆ కాగితం. అంచులు మెత్తగా, వెలుగు పలుచగా ఉంటుంది. కింద ఉన్న రంగు కూడా దానిలోంచి తెలుస్తుంది. అందుకే బల్బుకూ వస్తువుకూ మధ్య ట్రేసింగ్ పేపర్ నిలబెట్టాలి. పాత ఫోటో ఫ్రేమ్‌కు కాగితం అతికించినా సరే, రెండు కుర్చీల మధ్య తాడు కట్టి గుడ్డ వేలాడదీసినా సరే.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. కాగితాన్ని బల్బుకు చుట్టేస్తారు. అప్పుడు వెలుగు మెత్తబడదు, తగ్గుతుంది అంతే, ఎందుకంటే దీపం సైజు దాదాపు అలాగే ఉంది. కాగితం వస్తువుకు దగ్గరగా, బల్బు కాగితానికి దూరంగా ఉండాలి. కాగితం 40 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే బల్బును దాని వెనక సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టి మొదలుపెట్టండి. కాగితాన్ని వస్తువు వైపు నుంచి చూడండి. మధ్యలో తెల్లగా ఒక గుండ్రని మచ్చ, చుట్టూ మసకగా ఉంటే బల్బును ఇంకా వెనక్కి జరపండి. ఆ మచ్చ మీ కంటికి కనబడుతోందంటే లాకెట్‌లోనూ కనబడుతుంది. ఇక కాగితాన్ని ఫోటోలోకి రానంత వరకు వస్తువు దగ్గరకు జరపండి. వస్తువు వైపు నుంచి చూస్తే దీపం ఎంత పెద్దగా అనిపిస్తుందన్నదే లెక్క. 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కాగితం వస్తువుకు ఆకాశంలా ఉంటుంది, అదే కాగితం రెండు మీటర్ల దూరంలో కిటికీ అద్దం ముక్క.

బల్బును వెనక్కి జరిపితే వెలుగు తగ్గుతుంది, అది కూడా బాగా. దూరం రెట్టింపైతే నాలుగో వంతే మిగులుతుంది. భయపడకండి, ఫోన్ కదలకుండా ఉంటే తక్కువ వెలుగు సమస్యే కాదు.

కాగితం అంతా సమంగా వెలిగాక మొదటి ఫోటో తీసి చూడండి. బాగానే ఉంటుంది, కానీ కాస్త ప్లాస్టిక్‌లా, ప్రాణం లేనట్టు అనిపించవచ్చు. ఇప్పుడు బల్బును కాగితం మధ్యలోంచి ఒక అంచు వైపు జరపండి. కాగితం ఒక వైపు తెల్లగా వెలిగి రెండో వైపుకు వెళ్తూ మెల్లగా మసకబారుతుంది. ఆ మసకబారడమే వస్తువు ఒంపు మీద కనబడుతుంది. కంటికి “ఇది నున్నగా ఉంది, గుండ్రంగా ఉంది” అని తెలిసేది దానివల్లే. మెరుపు మొత్తం తీసేస్తే వస్తువు మెరిసేదని ఎవరికీ తెలియదు. నాకైతే ఒక వైపు పదునుగా, రెండో వైపు కరిగిపోయే మెరుపు ఒక్కటి ఉంటే చాలు.

ట్రేసింగ్ పేపర్ బదులు వంటింటి బటర్ పేపర్ వాడొచ్చు. కానీ తెల్లనిదే వాడండి, గోధుమ రంగుది వెలుగుకూ ఆ రంగు పూస్తుంది.

దీపం ఎక్కడ పెట్టాలో అద్దం చెబుతుంది

ఊహించుకుంటూ దీపం జరుపుతూ కూర్చుంటే సాయంత్రం అయిపోతుంది. ఒక చిన్న అద్దం ముక్క తీసుకోండి. వస్తువు ఎక్కడ ఉందో అక్కడ, దాని ముఖం ఎంత వాలి ఉందో అంతే వాలుగా అద్దాన్ని పట్టుకోండి. కెమెరా ఉన్న చోట కన్ను పెట్టి ఆ అద్దంలోకి చూడండి. అందులో ఏం కనబడుతుందో అదే వస్తువు మీద మెరుపుగా వస్తుంది. సీలింగ్ కనబడితే సీలింగ్, మీ ముఖం కనబడితే మీ ముఖం. మెరుపు కావాలంటే కాగితాన్ని అక్కడికి తేవాలి. మెరుపు వద్దంటే అక్కడ నల్ల చార్ట్ పెట్టాలి.

బల్లపరుపు వస్తువులకు ఇది బాగా పనికొస్తుంది. రెజిన్ పోసిన పెయింటింగ్, ట్రే లాంటివాటిని నేరుగా పైనుంచి తీస్తే కెమెరా తన బొమ్మనే తీసుకుంటుంది. దీపాలను రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో, లేదంటే ఇంకా కిందకి, దాదాపు బల్ల అంచు మీదుగా వెలుగు పాకేటట్టు పెట్టండి. ఫోన్ చుట్టూ, వెనక నల్లగా ఉండాలి. నల్ల చార్ట్ మధ్యలో లెన్స్ పట్టేంత రంధ్రం చేసి, అందులోంచి తీయండి. చూడటానికి వింతగా ఉంటుంది గానీ ఫోటోలో మీరు మాయమైపోతారు.

పూర్తిగా గుండ్రంగా ఉన్న పూసతో మాత్రం వాదించలేం. అది గది మొత్తాన్నీ, మిమ్మల్నీ కలిపి చూపిస్తుంది. దానికి చుట్టూ కాగితం గూడు కట్టాలి. అట్టపెట్టె మూడు పక్కలా కిటికీలు కోసి ట్రేసింగ్ పేపర్ అతికించండి, ముందు వైపు కూడా కాగితం మూసి లెన్స్‌కు రంధ్రం వదలండి. ఆ రంధ్రం పూసలో చిన్న నల్ల చుక్కగా వస్తుంది. అది ఎడిటింగ్‌లో తీసేసేంత చిన్నదే.

రెడీమేడ్‌గా దొరికే, లోపల ఎల్ఈడీ పట్టీ అతికించిన ఫోటో పెట్టెల గురించి అడుగుతుంటారు. బొమ్మలు, బట్టలు లాంటివాటికి బాగుంటాయి. మెరిసే వస్తువు పెడితే ఆ పట్టీలోని దీపాలన్నీ వరసగా చుక్కలు పెట్టినట్టు పడతాయి. ఇప్పటికే కొని ఉంటే, పట్టీ కింద ట్రేసింగ్ పేపర్ కాస్త ఎడంగా వేలాడదీయండి.

వస్తువును బట్టి చిన్న మార్పులు

ముదురు రంగు వస్తువు, ఉదాహరణకు నల్ల లక్క పూసిన డబ్బా, మెరుపుతోనే కనబడుతుంది. అంచుల వెంట తెల్ల చార్ట్ ప్రతిబింబం ఒక సన్నని గీతలా పడేటట్టు పెట్టండి, లేకపోతే నల్ల నేపథ్యంలో కలిసిపోతుంది. తెల్ల గ్లేజ్ కప్పుకు ఇది తలకిందులు. తెల్ల చార్ట్ ముందు పెట్టిన తెల్ల కప్పుకు అంచే కనబడదు, అందుకే ఫ్రేమ్‌కు కాస్త బయట రెండు పక్కలా నల్ల చార్ట్ పట్టీలు నిలబెట్టండి. కప్పు అంచుల్లో ఆ నలుపు సన్నగా దిగి గీత గీసినట్టు ఆకారం తేలుతుంది. గాజు వస్తువులకు కూడా ఇదే కిటుకు. కాకపోతే దీపం వెనక నుంచి రావాలి, వెలిగిన కాగితాన్నే వెనక తెరగా పెట్టాలి.

లోహం ఇంకా మొండిది. దాని సొంత రంగు తక్కువ, చుట్టూ ఉన్నదే ఎక్కువ. చుట్టూ అంతా తెల్లగా ఉంటే లోహం బూడిద రంగు ప్లాస్టిక్‌లా కనబడుతుంది. తెల్ల కాగితం పక్కన చిన్న నల్ల ముక్క ఒకటి పెట్టి, వేలితో జరుపుతూ ఫోన్ తెర మీద చూస్తూ ఉండండి. ఒక చోట వస్తువు ఒక్కసారిగా లోహంలా కనబడుతుంది. అక్కడ ఆపేయండి.

పోలరైజర్ ఎప్పుడు పనికొస్తుంది

రెజిన్, గాజు, వార్నిష్, గ్లేజ్ మీది మెరుపును పోలరైజింగ్ ఫిల్టర్‌తో, అంటే ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే లోపలికి వదిలే అద్దంతో, తగ్గించవచ్చు. ఫోన్‌కు తగిలించే ఫిల్టర్ లేకపోతే పోలరైజ్డ్ కూలింగ్ గ్లాస్‌ను లెన్స్ ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి. మీ దగ్గరున్నది అలాంటిదో కాదో తెలియాలంటే ల్యాప్‌టాప్ తెర ముందు పట్టుకుని తిప్పి చూడండి, ఒక కోణంలో తెర నల్లబడితే అదే. కూలింగ్ గ్లాస్ రంగు ఫోటోకు అంటుతుంది కాబట్టి తర్వాత రంగు సరిచేసుకోవాలి.

కోణం చూసుకోండి. వస్తువు ఉపరితలానికి సుమారు 35 డిగ్రీల ఎత్తు నుంచి చూస్తున్నప్పుడు ఫిల్టర్ బాగా పనిచేస్తుంది, నేరుగా పైనుంచి చూస్తే దాదాపు ఏమీ చేయదు. లోహం మీది మెరుపుకు కూడా ఏమీ చేయదు. లాకెట్ లోపలున్న పువ్వును చూపించాలంటే ఇది చక్కటి ఉపాయం. నేను లోపలి వస్తువు కనబడేలా ఒకటి, మెరుపు కనబడేలా ఒకటి, రెండు ఫోటోలు తీస్తాను. ఒక్క ఫోటోలోనే అన్నీ ఇరికించాలని చూస్తే రెండూ పాడవుతాయి.

ఫోన్ సంగతి

ఫ్లాష్ ఆపేయండి. లెన్స్ పక్కనే ఉన్న చిన్న దీపం అది, మనకు వద్దనుకున్నదంతా అదే.

వస్తువు మీదకు వంగి దగ్గర నుంచి తీయకండి. మామూలు లెన్స్‌తో బాగా దగ్గరకు వెళితే ముందు భాగం ఉబ్బినట్టు వస్తుంది, పైగా ఫోన్ నీడ, బొమ్మ రెండూ పడతాయి. వెనక్కి జరిగి, ఫోన్‌లో విడిగా 2 రెట్లో 3 రెట్లో జూమ్ లెన్స్ ఉంటే అది వాడండి. లేకపోతే మామూలుగా తీసి తర్వాత కత్తిరించుకోండి.

వస్తువు మీద వేలు కాసేపు నొక్కి పడితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు రెండూ తాళం పడతాయి. తర్వాత వెలుగు గీతను మీరే పైకీ కిందకీ జరపండి. ఫోన్ ప్రతి దృశ్యాన్నీ మధ్యరకం బూడిద రంగుగా లెక్కేసుకుంటుంది. అందుకే తెల్ల నేపథ్యం మాసినట్టు వస్తుంది, అప్పుడు వెలుగు ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 వరకు పెంచండి. నల్ల నేపథ్యంలో అదే లెక్కన తగ్గించండి. కన్ను మెరుపు మీద ఉంచి, అది తెల్లగా కాలిపోకముందే ఆపాలి. కాలిపోయిన చోట రంగు సమాచారమే ఉండదు, వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100 దగ్గర పెట్టి, షట్టర్ వేగాన్ని (సెకనులో ఎంత భాగం వెలుగు లోపలికి రానివ్వాలో) మీ కరెంటుకు తగ్గట్టు ఎంచుకోండి. కరెంటు 50 హెర్ట్జ్ అయితే చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, షట్టర్ వేగం ఎక్కువైతే ఫోటోలో అడ్డచారలు వస్తాయి. 1/50 లేదా 1/100 పెడితే చారలు పోతాయి. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120. రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేయండి, నొక్కిన అదురు కూడా పోతుంది.

నేపథ్యం

చార్ట్‌ను మడత పెట్టకుండా గోడకు పైన అతికించి, బల్ల మీదకు వంపుగా జారనివ్వండి. వెనక గీత కనబడదు. వస్తువును వెనక తెరకు ఒక మూర దూరంలో పెడితే నీడ దాని మీద పడదు. మెరిసే నల్ల అక్రిలిక్ షీటు మీద పెడితే కింద ప్రతిబింబం అందంగా వస్తుంది. కానీ ఇప్పుడు మీ దగ్గర మెరిసే వస్తువులు రెండయ్యాయి, దుమ్ము కూడా రెట్టింపు.

రంగు సరిచూసుకోవడం

మొదటి ఫోటోలో వస్తువు పక్కన గ్రే కార్డు, అంటే రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట, పెట్టి తీయండి. ఎడిటింగ్ యాప్‌లో వైట్ బ్యాలెన్స్ పరికరంతో దాని మీద నొక్కితే రంగు సరిపోతుంది, అదే లెక్క మిగతా ఫోటోలకూ వేసుకోవచ్చు. తెల్ల కాగితంతో కూడా చేస్తారు గానీ, చాలా కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే పదార్థాల వల్ల కిటికీ వెలుగులో అవి కాస్త నీలంగా కనబడతాయి.

తర్వాత ఫోన్ తెరను, వస్తువును పక్కపక్కనే పెట్టి చూడండి. తెర వెలుగు మధ్యస్థంగా ఉండాలి, రాత్రిపూట పసుపు చేసే మోడ్ ఆపేసి ఉండాలి. ఆ మోడ్ ఆపడం మరిచిపోయి నేను ఒకసారి నీలం చెవిపోగులను ఎడిట్ చేశాను. కొన్నావిడ డబ్బా విప్పి, “ఫోటోలో కంటే వేరేగా ఉన్నాయేంటి?” అని అడిగింది. డబ్బు వెనక్కి ఇచ్చాను.

దుమ్ము చుక్కలు, లెన్స్ రంధ్రం మచ్చ ఎడిటింగ్ యాప్‌లో మచ్చలు చెరిపే హీలింగ్ పరికరంతో తీసేయండి. అది వస్తువు మీద లేనిదే కాబట్టి తప్పు లేదు. గీత, బుడగ, పగులు లాంటివి నిజంగా వస్తువులో ఉంటే అలాగే వదిలేసి, అమ్మకానికి పెట్టేటప్పుడు ఒక దగ్గరి ఫోటో అదనంగా చేర్చండి. శాచురేషన్ (రంగుల గాఢత) జోలికి వెళ్లకపోవడమే మేలు.

సర్దేసే ముందు

అంతా కుదిరిన రోజున వెంటనే విప్పేయకండి. దీపం స్టాండు, కాగితం, వస్తువు, ట్రైపాడ్ కాళ్లు ఎక్కడున్నాయో బల్ల మీద టేపు ముక్కలతో గుర్తు పెట్టండి. పక్కన నిలబడి మొత్తం ఏర్పాటుకు కూడా ఒక ఫోటో తీసుకోండి. బల్బు ఎంత దూరంలో ఉందో, వెలుగు ఎంత పెంచారో ఒక చీటీ మీద రాసి అదే డబ్బాలో పడేయండి. నాకైతే రెండోసారి ఇవన్నీ నిలబెట్టడానికి పది నిమిషాలు పట్టింది, మొదటిసారి పట్టిన మూడు గంటల బదులు.